కంటి కదలికలు – వర్ణ ప్రత్యక్షం

ఈ పుట చదువుతున్నప్పుడు మీ చూపు పంక్తి వెంట సాఫీగా జారిపోతున్నట్లు మీకు అనిపిస్తుంది. నిజానికి అది అలా పోవడం లేదు. ఒక మాట దగ్గర సెకనులో నాలుగోవంతు సేపు ఆగుతుంది, చటుక్కున ముందుకు గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. నమ్మకం కలగకపోతే ఇంట్లో ఎవరినైనా పత్రిక చదవమని, పత్రిక పై అంచు మీదుగా వారి కళ్లను గమనించండి. ఈ గెంతును మనోవిజ్ఞాన శాస్త్రంలో 'సకాడ్' అంటారు. కళ్లేన్ని ఒక్కసారిగా లాగినప్పుడు కలిగే కుదుపుకు ఫ్రెంచి భాషలో ఉన్న పేరు అది. 19వ శతాబ్దం చివరలో పారిస్ నేత్రవైద్యుడు ఎమిల్ జవాల్ కంటి కదలికకు ఆ మాటను వాడారు. మేలుకొని ఉన్నంతసేపూ మన కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఇలా గెంతుతూనే ఉంటుంది.

సంవేదన పాఠంలో మీరు కంటి నిర్మాణం చదివారు. దండాలు, శంకువులు, మూడు రకాల శంకువులు కలిసి రంగును గుర్తించే తీరు మీకు తెలుసు. ఆ పాఠంలో కన్ను కదలదు. ఒక రంగు కాంతి వస్తుంది, శంకువులు స్పందిస్తాయి, మెదడుకు సమాచారం పోతుంది, అక్కడితో కథ ముగుస్తుంది. పాఠశాల పుస్తకాలు కన్నును కెమెరాతో పోల్చడం వల్ల కూడా ఈ అభిప్రాయం మనలో పాతుకుపోయింది. కెమెరా కదిలితే బొమ్మ చెడుతుంది. కన్ను విషయం దీనికి తిరగబడి ఉంటుంది. కన్ను కదలకపోతేనే రంగు చెడుతుంది, ఇంకొంచెం సేపు కదలకపోతే రంగు పూర్తిగా పోతుంది కూడా. ఎందుకలా జరుగుతుందో, దానివల్ల మనం చూసే రంగుల్లో వచ్చే తేడాలేమిటో ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఇందులో చెప్పిన ప్రయోగాల్లో కొన్నింటికి ఖర్చేమీ ఉండదు. వాటిని చేసి చూసిన తర్వాతే తరువాతి పేరాకు వెళ్లండి.

చూపు మధ్య, చూపు అంచు

నేత్రపటలం మీద అన్ని చోట్లా రంగు ఒకేలా నమోదు కాదు. ఒక్కో కంటిలో సుమారు 60 లక్షల శంకువులు, 12 కోట్ల దండాలు ఉంటాయి. శంకువులు మధ్యలో ఉన్న పచ్చచుక్క ప్రాంతంలో, అందులోనూ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోవియా అనే గుంటలో దట్టంగా ఉంటాయి. చేయి చాచి బొటనవేలి గోరును చూడండి. ఆ గోరు వెడల్పు మీ దృష్టి క్షేత్రంలో సుమారు 2 డిగ్రీలు ఉంటుంది. సన్నని అక్షరాలనైనా, దగ్గరి దగ్గరి రంగుల మధ్య తేడానైనా కన్ను అత్యంత నిశితంగా పట్టుకోగలిగేది దాదాపు ఆ మేరకే.

ఒక చిన్న పరీక్ష. ఎదురుగా గోడ మీద ఒక గుర్తు పెట్టుకుని దానినే చూస్తూ కూర్చోండి. మీ వెనుక నిలబడిన వ్యక్తి నాలుగైదు రంగుల స్కెచ్ పెన్నుల్లో ఒకదాన్ని, ఏదో మీకు చెప్పకుండా, మీ చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తేవాలి. ముందుగా ఏదో కదులుతోందని తెలుస్తుంది. తర్వాత చాలాసేపటికి గానీ రంగు తెలియదు. తెలిసిందనుకున్న రంగు కూడా ఒక్కోసారి తప్పవుతుంది. చూపు అంచుల వైపు పోయేకొద్దీ ఎరుపు–ఆకుపచ్చ భేదం త్వరగా బలహీనపడుతుంది, నీలం–పసుపు భేదం ఇంకాస్త దూరం నిలుస్తుంది. అయితే అంచున రంగు అసలే కనిపించదని కొన్ని పుస్తకాల్లో రాసినది సరికాదు. పెన్నుకు బదులు అదే రంగు పెద్ద అట్టముక్క తెస్తే మరింత పక్కన ఉన్నప్పుడే గుర్తుపడతారు. అంచులో లోపించినది రంగు కాదు, సన్నదనం. అక్కడ రంగు గుర్తించడానికి పెద్ద వస్తువు కావాలి.

ఫోవియా నట్టనడుమ ఇంకో విచిత్రం ఉంది. నీలి కాంతికి స్పందించే శంకువులు మొత్తం శంకువుల్లో పదోవంతు కూడా ఉండవు, సరిగ్గా నడిబొడ్డున అవి అసలే లేవు. అందువల్ల చూపు సూటిగా నిలిపినప్పుడు అతి చిన్న పసుపు చుక్కను తెల్ల కాగితం నుంచి వేరుచేయడం కష్టం. రంగును బాగా చూడటానికి ఏర్పడిన చోటే ఒక రంగుకు సంబంధించిన గుడ్డితనం ఉందన్నమాట. చూపు కాస్త పక్కకు కదలగానే ఆ లోపం పూడిపోతుంది కాబట్టి మనం దాన్ని ఎన్నడూ గమనించం.

ఇంత అసమానమైన పటలంతో మనకు ప్రపంచం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకేలా రంగులతో నిండి ఎందుకు కనిపిస్తుంది? ఏ మూల రంగు గురించి సందేహం వచ్చినా చూపు అక్కడికి గెంతుతుంది, రంగు అక్కడ సిద్ధంగా కనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా లోపల దీపం వెలుగుతూ కనిపిస్తే అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందని చిన్నపిల్లలు అనుకుంటారు. మనమూ అలాగే అనుకుంటున్నామని కొందరు మనోవిజ్ఞానుల వాదన. 2020లో అమెరికాలో కోహెన్, బాచ్, రాబర్ట్‌సన్ అనే ముగ్గురు దీన్ని పరీక్షించారు. చూసేవారి కళ్లకు వర్చువల్ రియాలిటీ పరికరం పెట్టి, నిజమైన ప్రదేశాల దృశ్యాలను నలువైపులా తిరిగి చూడమన్నారు. చూపు ఎటు పోతోందో యంత్రం కనిపెడుతూ, చూపు చుట్టూ కొంత భాగం తప్ప మిగిలినదంతా రంగు తీసేసి నలుపు తెలుపుగా మార్చింది. దృశ్యంలో 5 శాతం కన్నా తక్కువ భాగానికే రంగు మిగిల్చినప్పుడు కూడా దాదాపు మూడోవంతు మంది తేడా గమనించనే లేదు.

కదలిక ఆగితే రంగు ఏమవుతుంది?

ఒక తెల్ల కాగితం తీసుకోండి. లేత గులాబీ రంగు చాక్‌పీసు పొడిని వేలితో అద్ది, కాగితం కుడివైపు రూపాయి బిళ్లంత మేర మెత్తగా రుద్దండి. అంచులు స్పష్టంగా గీసినట్లు ఉండకూడదు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియనట్లు ఉండాలి. దానికి నాలుగు వేళ్ల ఎడంలో ఎడమవైపు పెన్నుతో ఒక చుక్క పెట్టండి. ఒక కన్ను మూసుకుని ఆ చుక్కనే కదలకుండా అరనిమిషం చూడండి. గులాబీ మచ్చ క్రమంగా వెలిసిపోయి, చివరికి కాగితం తెలుపులో కలిసిపోతుంది. ఒక్కసారి చూపు కదిల్చినా, రెప్ప వేసినా వెంటనే తిరిగి వస్తుంది. స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ 1804లోనే దీన్ని వర్ణించారు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఎందుకు వెలిసిపోయింది? నేత్రపటలంలోని నాడీ కణాలు మార్పుకు చురుగ్గా స్పందిస్తాయి. మారకుండా ఉన్నదానికి స్పందన తగ్గించుకుంటాయి. వేలికి ఉంగరం పెట్టుకున్న కొత్తలో తెలుస్తుంది, గంట తర్వాత ఉన్నట్లే తోచదు. అగరుబత్తి వాసన గదిలోకి అడుగుపెట్టినప్పుడు తెలిసినంతగా అక్కడే కూర్చున్నవారికి తెలియదు. దీనిని అనుకూలనం అంటారని మీరు ఇదివరకే చదివారు. కన్ను కూడా ఈ నియమానికి అతీతం కాదు. కాకపోతే కన్ను తనంతట తానే కదులుతూ, కదలని లోకాన్ని కదిలేదిగా మార్చుకుంటుంది. మీరు ఒక చుక్కనే తదేకంగా చూస్తున్నానని అనుకున్నప్పుడు కూడా కంటిలో మూడు రకాల సూక్ష్మ కదలికలు సాగుతుంటాయి: సన్నని వణుకు, నెమ్మదిగా పక్కకు జారడం, మధ్యమధ్య చిన్న గెంతులు. ఇవి మన ఇష్టంతో జరిగేవి కావు, మనకు తెలియవు కూడా. వీటివల్ల వస్తువు అంచు ఒక శంకువు మీద నుంచి పక్క శంకువు మీదికి, అక్కడి నుంచి వెనక్కి మారుతూ ఉంటుంది. అంచు దాటిన ప్రతిసారీ ఆ శంకువుకు కాంతి మారుతుంది, అది మళ్లీ స్పందిస్తుంది. చాక్‌పీసు మచ్చకు పదునైన అంచు లేదు, అదీ చూపు పక్కన ఉంది. ఈ చిన్న కదలికలు అక్కడ చాలినంత మార్పు తేలేకపోయాయి. అందుకే అది మాయమైంది.

మరి ఈ సూక్ష్మ కదలికలను కూడా పూర్తిగా రద్దు చేస్తే? కంటిని బిగించి ఆపడం సాధ్యం కాదు. శాస్త్రవేత్తలు ఉపాయంగా బొమ్మనే కన్నుతో పాటు కదిలేలా చేశారు. 1952లో ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో డిచ్‌బర్న్, గిన్స్‌బోర్గ్ కాంటాక్ట్ లెన్సుకు చిన్న అద్దం అమర్చి, దాని ద్వారా బొమ్మను ప్రతిఫలింపజేశారు. దాదాపు అదే సమయంలో అమెరికాలో రిగ్స్ బృందం ఇటువంటి పద్ధతినే వాడింది. మాస్కోలో యార్బస్ మరో అడుగు ముందుకు వేసి, మత్తుమందు చుక్కలు వేసిన కంటికి గాలి పీల్చి అంటుకునే చిన్న టోపీలాంటి పరికరాన్ని తగిలించారు. బొమ్మ ఆ టోపీ మీదే ఉంటుంది. కన్ను ఎటు కదిలితే బొమ్మా అటే. నేత్రపటలం మీద అది ఒకే చోట నిలిచిపోతుంది. ఒకటి నుంచి మూడు సెకన్లలో బొమ్మ, దాని రంగు, రెండూ మాయమయ్యాయి. కాంతి కంటిలోకి పడుతూనే ఉంది, కనిపించడం మాత్రం ఆగిపోయింది.

ఇక్కడి నుంచి విషయం మరింత ఆసక్తికరంగా మారుతుంది. ఒక రంగు చక్రం చుట్టూ వేరొక రంగు వలయం ఉందనుకోండి. వలయం బయటి అంచును మామూలుగా వదిలేసి, చక్రానికీ వలయానికీ మధ్య ఉన్న అంచును మాత్రమే కన్నుతో పాటు కదిలేలా స్థిరపరిస్తే ఏం జరుగుతుంది? 1963లో క్రౌస్కాఫ్ ఈ ప్రయోగం చేశారు. చూసేవారికి లోపలి చక్రం నల్లగానో, ఖాళీగానో కనిపించలేదు. చుట్టూ ఉన్న వలయం రంగే లోపలికి పరచుకుని మొత్తం ఒకే రంగు బిళ్లగా కనిపించింది. చక్రం నుంచి దాని సొంత రంగు కాంతి కంటిలోకి పడుతూనే ఉందని మరచిపోకండి. ఆ శంకువులకు అందుతున్నది ఒక రంగు, చూసేవారు చెప్పింది వేరే రంగు.

దీని అర్థం ఏమిటి? ఒక ఉపరితలం లోపలి రంగును మనం చుక్క చుక్కగా కొలిచి చూడటం లేదు. కదిలే కన్ను అంచుల దగ్గర కలిగే మార్పును పట్టుకుంటుంది. ఆ అంచుకు ఈ పక్క ఏ రంగు, ఆ పక్క ఏ రంగు అన్న సమాచారంతో మెదడు లోపలి మేరను నింపుకుంటుంది. ముగ్గులో గీతలు వేశాక లోపల రంగు నింపినట్లు అనుకోవచ్చు. ఈ పోలికను మరీ దూరం లాగకండి. మెదడులో నిజంగా రంగు పాకుతూ నిండుతుందా, లేక 'లోపలంతా ఇదే' అని ఒక నిర్ణయం మాత్రమే జరుగుతుందా అన్నదానిపై వాదం ఉంది. పరీక్షలో రాయవలసి వస్తే రెండు అభిప్రాయాలూ రాయండి.

ఇదే దారిలో క్రేన్, పియాంటానిడా 1983లో ఒక సంచలన ఫలితం ప్రకటించారు. ఎరుపు, ఆకుపచ్చ పట్టీల మధ్య అంచును స్థిరపరిస్తే, కొందరికి ఒకే చోట ఎరుపూ ఆకుపచ్చా కలిసిన రంగు కనిపించిందట. హెరింగ్ ప్రతిద్వంద్వ సిద్ధాంతం ప్రకారం అలాంటి రంగు కనిపించడానికి వీల్లేదు. తరువాతి పరిశోధకులలో కొందరు దీన్ని సమర్థించారు, మరికొందరు అది రెండు రంగుల మధ్య ఒక మామూలు మిశ్రమమే అన్నారు. నా దృష్టిలో ఇక్కడ 'నిషిద్ధ వర్ణం' అన్న ఆకర్షణ కన్నా, ఒక అంచును ఆపితే ఎంత రంగు తారుమారవుతుందో తెలియడమే ముఖ్యం.

మీ కంటిలోనే ఇలా ఎప్పుడూ స్థిరంగా ఉండి, అందువల్లే ఎప్పుడూ కనిపించని వస్తువులు ఉన్నాయి. నేత్రపటలం ముందు రక్తనాళాలు పరచుకుని ఉంటాయి, వాటి నీడ శంకువుల మీద పడుతుంది. నీడ కన్నుతో పాటే కదులుతుంది కాబట్టి కనిపించదు. ఒక నల్ల అట్టకు గుండుసూదితో రంధ్రం చేసి, ఒక కంటికి దగ్గరగా పట్టుకుని, వెలుగు బాగా ఉన్న తెల్ల గోడను చూస్తూ అట్టను చకచకా అటూ ఇటూ కొద్దిగా ఆడించండి. సూర్యుని వైపు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చూడకండి. ఎండిన ఆకు ఈనెల వంటి సన్నని అల్లిక గోడ మీద తేలుతుంది. అట్ట ఆపగానే క్షణంలో పోతుంది. అవి మీ రక్తనాళాల నీడలే.

చూపు ఎక్కడి నుంచి వచ్చింది?

చూపు ఒక చోటి నుంచి మరో చోటికి గెంతినప్పుడు ఖాళీ చేతులతో పోదు. ముందు చూసిన రంగు ముద్రను వెంట తీసుకుపోతుంది. మీకు తెలిసిన అనుబింబం ప్రయోగం గుర్తు చేసుకోండి. ఎర్ర కాగితాన్ని అరనిమిషం చూసి తెల్ల గోడ వైపు చూస్తే నీలం కలిసిన ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. ఎరుపుకు ఎక్కువగా స్పందించే శంకువులు అలసి వెనకబడ్డాయి, తెల్లని కాంతికి మిగిలినవే బలంగా స్పందించాయి. దీన్ని మనం పాఠంలో ఒక వింతగా చదివి వదిలేస్తాం. కానీ సెకనుకు మూడుసార్లు గెంతే కంటికి ఇది వింత కాదు, నిత్యకృత్యం. ప్రతి గెంతు తర్వాతా పడే కొత్త రంగు, పాత రంగుకు అలవాటుపడిన శంకువుల మీదే పడుతుంది. ఎర్ర కాగితాన్ని చూస్తున్నప్పుడే దాని అంచుల వెంట సన్నని వెలుగు గీత మెరవడం మీరు గమనించి ఉంటారు. చూపు కాస్త జారినప్పుడు అనుబింబం అంచు బయటపడటం వల్ల వచ్చినదే అది.

దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నది మనోవిజ్ఞాని కాదు, రంగుల అద్దకం చూసే రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లోని గోబెలాన్ వస్త్రశాలలో అద్దక విభాగానికి మిషెల్ యూజెన్ షెవ్రల్ అధిపతి. అక్కడి నల్ల రంగు నాసిగా ఉంటోందని ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షిస్తే రంగులో లోపం లేదు. ఆ నల్ల దారం పక్కన నీలం, ఊదా దారాలు ఉన్నప్పుడే అది వెలవెలబోతోంది. ఆ పరిశీలన నుంచి పుట్టిన గ్రంథం 1839లో అచ్చయింది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చడాన్ని ఆయన ఏకకాల వైషమ్యం అన్నారు. ఒకదాని తర్వాత ఒకటి చూసినప్పుడు కలిగేది అనుక్రమ వైషమ్యం. గుడ్డల కొట్టు గురించి ఆయన చెప్పిన ఉదాహరణ చూడండి. ఒకే రకమైన 14 ఎర్ర గుడ్డలను వరసగా చూపిస్తే, చివరి ఆరేడు మొదటివాటంత బాగా లేవని కొనేవాడు అంటాడు. గుడ్డలు మారలేదు, కన్ను మారింది. మధ్యలో ఆకుపచ్చ గుడ్డలు చూపించి కన్నును మామూలు స్థితికి తెమ్మని వ్యాపారికి ఆయన సలహా.

పెళ్లి చీరల కోసం కొట్టుకు వెళ్లినవారికి ఇది వేరే చెప్పనవసరం లేదు. పరుపు మీద ఎర్రచీరలు ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోతుంటే, అరగంటకు ఏదీ నచ్చదు. 'ఇంకాస్త మంచి ఎరుపు చూపించండి' అంటారు. సేల్స్‌మన్ అలిసిపోతాడు, మొదటి చీరనే మళ్లీ తీసి కాసేపాగి చూపిస్తే అదే నచ్చుతుంది. ధర, ఓపిక వంటి కారణాలు కూడా ఉంటాయి, అన్నిటినీ శంకువుల మీద తోసేయలేం. అయినా వాటి వాటా వాటికి ఉంది. ఎరుపు చీరకు ఆకుపచ్చ అంచు ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి. చూపు ఒంటి మీది ఎరుపు నుంచి అంచు మీదికి గెంతేసరికి ఎరుపుకు అలవాటుపడ్డ కన్ను ఆకుపచ్చను మరింత పచ్చగా చూస్తుంది. తిరిగి వచ్చినప్పుడు ఎరుపు మరింత ఎర్రగా తోస్తుంది. నేతగాళ్లు షెవ్రల్‌ను చదివి అంచులు వేయలేదు. వారికి తెలిసినది ఆయన తర్వాత సూత్రంగా రాశారంతే.

షెవ్రల్ వేరుచేసిన ఈ రెండు వైషమ్యాలు నిత్యజీవితంలో అంత సులభంగా వేరుకావని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఎత్తిచూపారు. రెండు రంగులను పక్కపక్కన ఉంచి స్వేచ్ఛగా చూస్తే చూపు వాటి మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఏకకాల వైషమ్యం అని మనం అనుకున్నదాంట్లో చాలాభాగం నిజానికి చూపు గెంతడం వల్ల వచ్చిన అనుక్రమ వైషమ్యమే కావచ్చు. రెంటినీ విడదీయాలంటే చూపును ఒక బిందువు మీద కట్టడి చేయాలి. ఇది ప్రయోగ పద్ధతికి సంబంధించిన సూక్ష్మమైన విషయం. పాఠం చివర దీని అవసరం మళ్లీ వస్తుంది.

చూపు ఎక్కడ ఆగుతుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఒక వస్తువు మీద వెలుగు అంతటా ఒకేలా పడదు. మామిడికాయ ఒక పక్క మెరుస్తుంది, ఇంకో పక్క నీడలో ఉంటుంది. దాని వర్ణతేజం ఎంత అని అడిగితే ఏ భాగాన్ని బట్టి చెబుతారు? 2013లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయానికి చెందిన టోస్కాని, వల్సెక్కి, గెగెన్‌ఫుర్ట్‌నర్ ప్రచురించిన అధ్యయనంలో, ఇలా తేజం అంచనా వేసేటప్పుడు మనుషుల చూపు వస్తువులోని ఎక్కువ వెలుగున్న భాగాలకే మొగ్గుతుందని తేలింది. అంతటితో ఆగకుండా, చూపును కావాలని వెలుగు భాగం మీదో, నీడ భాగం మీదో నిలిపి చూశారు. వెలుగు భాగాన్ని చూసినవారికి మొత్తం వస్తువే లేతగా, నీడ భాగాన్ని చూసినవారికి ముదురుగా అనిపించింది. చూపు కేవలం సమాచారం ఏరి తేవడం లేదు, ఏరిన చోటును బట్టి తీర్పు కూడా మారుతోంది.

గెంతు మధ్యలో

అద్దం ముందు నిలబడి మీ ఎడమ కన్ను చూడండి, తర్వాత కుడి కన్ను చూడండి, మళ్లీ ఎడమ కన్ను. మీ కళ్లు కదలడం మీకు కనిపించదు. పక్కన నిలబడ్డవారికి స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద గెంతు కూడా సెకనులో పదోవంతు లోపే ముగుస్తుంది. ఆ వ్యవధిలో నేత్రపటలం మీద దృశ్యమంతా దూసుకుపోతుంది గాని, మెదడు దాన్ని అణచివేస్తుంది. అయితే ఆ అణచివేత అన్నిటికీ సమానం కాదు. బర్, మొర్రోన్, రాస్ 1994లో చూపించిన ప్రకారం, గెంతు సమయంలో వెలుగు–నీడల తేడాతో ఏర్పడిన వెడల్పు చారలను చూడటం బాగా కష్టమవుతుంది. వెలుగు సమానంగా ఉండి రంగుతో మాత్రమే తేడా ఉన్న చారలకు ఆ కష్టం లేదు. చలనాన్ని గుర్తించే వేగవంతమైన నాడీ మార్గం మూతపడుతుంది, రంగు మార్గం తెరిచే ఉంటుంది. మనల్ని తికమక పెట్టేది లోకం పరుగెత్తుతున్నట్లు తోచే భ్రమ కాబట్టి, ఆపవలసింది దాన్నే.

కదలికే రంగును నేర్పుతుందా?

ఇప్పటిదాకా చెప్పుకున్నదానిలో పెద్దగా వివాదం లేదు. ఇక వివాదం ఉన్న భాగానికి వద్దాం. పచ్చచుక్కకు ఆ పేరు రావడానికి కారణం అక్కడున్న పసుపు వర్ణద్రవ్యం. అది నీలి కాంతిలో కొంత భాగాన్ని పీల్చేస్తుంది. అంటే ఒక తెల్ల గోడను చూపు అంచుతో చూసినప్పుడు ఒక రకం కాంతి, సూటిగా చూసినప్పుడు పసుపు గాజు గుండా వచ్చినటువంటి కాంతి శంకువులకు అందుతాయి. చూపు గెంతిన ప్రతిసారీ ఈ మార్పు జరుగుతుంది. అయినా గోడ మధ్యలో పసుపు మచ్చ కదులుతున్నట్లు మనకు కనిపించదు. ఎలా?

ఒక సమాధానం సులభమైనది: నేత్రపటలంలో ప్రతి చోటూ తనకు అందే సగటు కాంతికి అలవాటుపడి తెలుపును తెలుపుగానే చూపుతుంది. రెండవ సమాధానం కెవిన్ ఓ'రీగన్ వంటివారిది. కన్ను ఇటు కదిలితే కాంతి ఇలా మారుతుందన్న సంబంధాన్ని మెదడు జీవితమంతా నేర్చుకుంటుందని, ఆ సంబంధం తెలిసి ఉండటమే రంగును చూడటమని వారి వాదన. దీనికి పూర్వగామిగా ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఐవో కోలర్ 1950ల ప్రాంతంలో చేసిన ప్రయోగాలు ఉన్నాయి. కళ్లద్దాల్లో ప్రతి గాజునూ ఒక సగం నీలం, ఒక సగం పసుపు చేశారు. ఎడమకు చూస్తే ఒక రంగు, కుడికి చూస్తే ఇంకో రంగు. వాటిని చాలా రోజులు పెట్టుకున్నవారు తీసేశాక, నీలం ఉండిన వైపు చూస్తే పసుపు, పసుపు ఉండిన వైపు చూస్తే నీలం ఛాయ తోచిందని చెప్పారు. నేత్రపటలంలో అదే చోటు, మారింది కంటి దిశ మాత్రమే. 2006లో బొంపా, ఓ'రీగన్ ఇటువంటి ఆలోచనతోనే ప్రయోగాలు చేసి, కంటి కదలికతో ముడిపడిన రంగు మార్పుకు కొంతసేపట్లోనే మనిషి అలవాటుపడగలడని చూపారు.

ఈ ఫలితాలు నిజమైనవే, కానీ ప్రభావం చిన్నది. కంటి దిశను బట్టి రంగు తీర్పు కొంచెం జరుగుతుందని చెప్పడానికి అవి చాలు. రంగు అనుభవమంతా కదలికల నుంచే పుట్టిందని చెప్పడానికి చాలవు. నా మొగ్గు సులభమైన సమాధానం వైపే, నేర్చుకోవడానికి అందులో కొంత చోటు ఇస్తూ. మీరు నాతో ఏకీభవించనక్కర లేదు. మూల్యాంకనంలో మార్కులు వాదానికి ఆధారం చూపినందుకే వస్తాయి.

సాక్షి చూపు, ప్రయోగశాల చూపు

రోడ్డు ప్రమాదం చూసిన వ్యక్తి 'ఎర్ర కారు గుద్ది పోయింది' అంటాడు. మనోవిజ్ఞానం చదివినవారు అతన్ని అడగవలసిన మొదటి ప్రశ్న 'గట్టిగా గుర్తుందా?' అన్నది కాదు. కారు వచ్చినప్పుడు మీ చూపు ఎక్కడ ఉంది? దాన్ని సూటిగా చూశారా, పక్క చూపుతో చూశారా? అంతకు ముందు దేన్ని చూస్తున్నారు? అతడు అబద్ధం చెబుతున్నాడని కాదు. చూపు అంచున సరిగా తెలియని రంగు కూడా చూసినవానికి నిండుగా చూసిన రంగు లాగే తోస్తుంది. అతని నమ్మకం ఎంత గట్టిదో దాన్ని బట్టి అతని చూపు ఎంత సూటిదో చెప్పలేం.

అధ్యయన కేంద్రంలో మీరు చేయబోయే వర్ణ సమీకరణ ప్రాక్టికల్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక రంగుకు సరిపోయే రంగును ఎంపిక చేయమని ప్రయోజ్యునికి చెప్పి ఊరుకుంటే, అతని చూపు రెండు బిళ్లల మధ్య ఇష్టం వచ్చినట్లు తిరుగుతుంది. ఒక్కొక్కరి ఫలితం ఒక్కోలా వస్తుంది, కారణం మీకు అంతుపట్టదు. రెండు బిళ్లల నడుమ స్పష్టమైన ఒక చుక్క పెట్టండి, తీర్పు చెప్పే వరకు దాన్నే చూడమనండి. ప్రతి ప్రయత్నానికీ మధ్య కనీసం అరనిమిషం బూడిదరంగు కాగితం వైపు చూడనివ్వండి, ముందు రంగు ముద్ర చెరిగిపోతుంది. తర్వాత అదే ప్రయోజ్యునితో చూపును స్వేచ్ఛగా తిప్పుకోనిచ్చి మళ్లీ చేయించండి. రికార్డులో రెండు వరసల ఫలితాలను వేరువేరు పట్టికలుగా వేసి, 'చూపు నిలిపిన చోటు' అని ఒక గడి అదనంగా గీయండి. సాధారణంగా విద్యార్థులు ఖాళీగా వదిలేసే గడి అదే.